పల్లె దుకాణానికి, తపాలా కార్యాలయానికి గ్రామైక్య సంఘం అండ

గ్రామంలో ఒక దుకాణం, ఒక తపాలా కార్యాలయం ఉండటం సర్వసాధారణ విషయంగా కనిపిస్తుంది. అయితే ఈ రెండింటిలో ఏది మూతపడినా ముందుగా ఇబ్బందికి గురయ్యేది వృద్ధులు, దివ్యాంగులు, ఒంటరి మహిళలు, రోజుకూలీలు. ఉప్పు, పప్పు కోసమో, పొదుపు ఖాతాలోని వంద రూపాయల కోసమో మండల కేంద్రానికి వెళ్లవలసి వస్తే ఆ పూట కూలి పోతుంది, ఆటో చార్జీ అదనపు భారమవుతుంది. ఈ రెండు సేవలను గ్రామంలోనే నిలుపుకొనడంలో మహిళా స్వయం సహాయక సంఘాలతో ఏర్పడిన గ్రామైక్య సంఘం పోషించగల పాత్రను, అందుకు చట్టంలోను, నిబంధనలలోను ఉన్న అవకాశాలను, పాటించవలసిన జాగ్రత్తలను ఈ వ్యాసం వివరిస్తుంది.

దుకాణానికి, తపాలాకు ఉన్న పాత బంధం

గ్రామీణ తపాలా వ్యవస్థ పుట్టుకలోనే దుకాణదారునికి స్థానం ఉంది. పూర్తికాలపు ఉద్యోగిని నియమించేంత పని లేని గ్రామాలలో, చదువు వచ్చి, సొంత జీవనాధారం కలిగిన బడిపంతులుకో, దుకాణదారునికో, భూమి ఉన్న రైతుకో తపాలా శాఖ ఈ బాధ్యతను అప్పగించేది. వారిని శాఖేతర ఏజెంట్లుగా వ్యవహరించేవారు. 2001 నిబంధనలతో వారు గ్రామీణ డాక్ సేవకులయ్యారు. బ్రాంచి పోస్టుమాస్టరు కార్యాలయానికి తగిన వసతిని తానే సమకూర్చుకోవాలన్న నియమం, తపాలా భత్యానికి తోడు వేరొక జీవనాధారం ఉండాలన్న నియమం నేటికీ కొనసాగుతున్నాయి. దేశంలోని సుమారు 1,64,000 తపాలా కార్యాలయాలలో దాదాపు 90 శాతం గ్రామీణ ప్రాంతాలలోనే ఉన్నాయి. వీటిలో అత్యధికం ఇటువంటి బ్రాంచి కార్యాలయాలే.

గ్రామైక్య సంఘం నిర్మాణం

1990 దశకం ఆరంభంలో సారా వ్యతిరేక ఉద్యమం తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహిళా పొదుపు సంఘాలు ఊరూరా విస్తరించాయి. 1992లో నాబార్డు ప్రారంభించిన బ్యాంకు అనుసంధాన కార్యక్రమం వాటికి రుణమార్గం చూపింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం స్వయంప్రతిపత్తి గల సంఘాల నమోదుకు వీలు కల్పించింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) ‘వెలుగు’ పథకం ద్వారాను, తదుపరి ‘ఇందిరా క్రాంతి పథం’ ద్వారాను ఈ సంఘాలను గ్రామ, మండల, జిల్లా స్థాయి సమాఖ్యలుగా తీర్చిదిద్దింది.

పది నుంచి పదిహేను మంది సభ్యులతో ఒక స్వయం సహాయక సంఘం, అటువంటి సంఘాల ప్రతినిధులతో గ్రామైక్య సంఘం ఏర్పడతాయి. నెలవారీ సమావేశం, తీర్మానాల పుస్తకం, లెక్కల పుస్తకాలు, ఏటా తనిఖీ ఈ వ్యవస్థకు పునాదులు. 2000 దశకంలో అనేక గ్రామైక్య సంఘాలు సభ్యుల అవసరాన్ని ముందుగా లెక్కగట్టి, బియ్యాన్ని టోకున కొని, ఇంటింటికి పంచి, సొమ్మును వాయిదాలలో వసూలు చేశాయి. ధాన్యం కొనుగోలు కేంద్రాలను కూడా నిర్వహించాయి. సరుకు కొనడం, తూకం వేయడం, నిల్వ చూడడం, బాకీ రాబట్టడం వంటి పనులలో ఈ సంఘాలకు అనుభవం ఈ విధంగానే సమకూరింది.

గిరిజన ప్రాంతాలలో ఇంతకు ముందునుంచే ఒక నమూనా ఉంది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తన డిపోల ద్వారా నిత్యావసర సరుకులను విక్రయిస్తూ, గిరిజనుల నుంచి అటవీ ఫలసాయాన్ని కొనుగోలు చేస్తూ వచ్చింది. అమ్మకం, కొనుగోలు ఒకే గడప వద్ద జరిగితే మధ్య దళారీకి చోటు తగ్గుతుందన్నది ఆ డిపోల వెనుక ఉన్న ఆలోచన.

దుకాణం లెక్క

2013 జాతీయ ఆహార భద్రత చట్టం చౌక ధరల దుకాణాల కేటాయింపులో పంచాయతీలు, స్వయం సహాయక సంఘాలు, సహకార సంఘాలకు ప్రాధాన్యం ఇవ్వాలని, దుకాణాల నిర్వహణను మహిళలకు లేదా వారి సంఘాలకు అప్పగించాలని పేర్కొన్నది. అయితే రేషన్ సరుకు ఒక్కదానిపైనే దుకాణం నిలబడటం కష్టం. ఈ విషయాన్ని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు.

ఒక గ్రామంలో 400 కార్డులు, వాటిలో 1,200 మంది లబ్ధిదారులు ఉన్నారనుకుందాం. మనిషికి నెలకు 5 కిలోల చొప్పున పంపిణీ అయ్యే ధాన్యం 60 క్వింటాళ్లు. సాధారణ రాష్ట్రాలకు కేంద్రం 2022లో సవరించిన ప్రమాణం ప్రకారం డీలరు మార్జిన్ క్వింటాలుకు 90 రూపాయలు, ఈపాస్ యంత్రం ద్వారా ఇచ్చినందుకు అదనంగా 21 రూపాయలు. అంటే నెలకు 6,660 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వాలు దీనికి కొంత చేర్చవచ్చు. ఈ మొత్తంలోనుంచే గది అద్దె, కరెంటు బిల్లు, హమాలీ ఖర్చు, సహాయకుని కూలి చెల్లించాలి. 2023 జనవరి 1 నుంచి ఈ చట్టం కింద ధాన్యం ఉచితం కావడంతో డీలరు చేతిలో తిరిగే నగదు కూడా తగ్గింది.

ఈ లోటును గుర్తించే, రేషన్ ధాన్యం కాక ఇతర సరుకులను అమ్ముకొనేందుకు చౌక ధరల దుకాణాలను రాష్ట్రాలు అనుమతించాలని 2015 నాటి ప్రజా పంపిణీ నియంత్రణ ఉత్తర్వు నిర్దేశించింది. రేషన్ కోసం నెలలో ఒకటి రెండు రోజులు వచ్చే కుటుంబం సబ్బులు, నూనె, నోటు పుస్తకాల కోసం మిగిలిన రోజులలో కూడా అదే దుకాణానికి వచ్చినప్పుడే దుకాణం నిలదొక్కుకుంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2021 జనవరిలో మొదలైన వాహనాల ద్వారా ఇంటింటి పంపిణీ 2025 మే నెలతో ముగిసింది. జూన్ 1 నుంచి చౌక ధరల దుకాణాల ద్వారా పంపిణీ తిరిగి ఆరంభమైంది. 65 సంవత్సరాలు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు ఇంటివద్దనే సరుకు అందించే ఏర్పాటు జరిగింది. ఈ మార్పుతో గ్రామంలోని దుకాణం గడపకు మళ్లీ ప్రాధాన్యం ఏర్పడింది.

తపాలా కార్యాలయం లెక్క

సాధారణ గ్రామీణ ప్రాంతంలో కొత్త బ్రాంచి కార్యాలయం తెరవడానికి గ్రామాల సముదాయంలో 3,000 జనాభా, సమీప తపాలా కార్యాలయం నుంచి కనీసం 3 కిలోమీటర్ల దూరం, ఖర్చులో మూడో వంతు ఆదాయం ఉండాలన్నది నియమం. కొండ, గిరిజన, వెనుకబడిన ప్రాంతాలలో విడి గ్రామమైతే 500, సముదాయమైతే 1,000 జనాభా చాలు. ఆదాయం ఖర్చులో 15 శాతం ఉంటే సరిపోతుంది. మిగిలిన నష్టాన్ని శాఖ భరిస్తుంది. అనగా గ్రామస్థులు జరిపే లావాదేవీలే కార్యాలయం మనుగడకు ఆధారం.

2018లో అమలైన భత్యాల సవరణ ప్రకారం గ్రామీణ డాక్ సేవకుల పనివేళలు రోజుకు నాలుగు లేదా ఐదు గంటలు. ఏది వర్తిస్తుందన్నది పని భారంపై ఆధారపడి ఉంటుంది. లావాదేవీలు పెరిగితే కార్యాలయం తెరచి ఉండే సమయం, పోస్టుమాస్టరు భత్యం పెరగడానికి వీలు కలుగుతుంది.

నెలకు 100 రూపాయల కనీస జమతో రికరింగ్ డిపాజిట్, 1995లో ఆరంభమైన గ్రామీణ తపాలా జీవిత బీమా, 2015లో ప్రారంభమైన సుకన్య సమృద్ధి ఖాతా వంటివి గ్రామంలోనే అందుబాటులో ఉన్నాయి. 2017 డిసెంబరులో ప్రారంభమైన దర్పణ్ పథకం కింద బ్రాంచి కార్యాలయాలకు చేతి యంత్రాలు అందాయి. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఆరంభమయ్యాక, ఇతర బ్యాంకుల ఖాతాలలోని సొమ్మును కూడా ఆధార్ వేలిముద్రతో గ్రామంలోనే తీసుకొనే సౌకర్యం ఏర్పడింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. గ్రామైక్య సంఘం నిధి, బ్యాంకు అనుసంధాన రుణం వాణిజ్య బ్యాంకులలోనే ఉంటాయి. తపాలా పొదుపు ఖాతాలు వ్యక్తుల పేరిట తెరిచేవి. పేమెంట్స్ బ్యాంకుకు రుణాలిచ్చే అధికారం లేదు. కనుక తపాలా కార్యాలయానికి సంఘం చేయగల సహాయం తన నిధిని తరలించడం కాదు, సభ్యులను వ్యక్తిగత ఖాతాదారులుగా చేర్చడం.

నగదు తిరిగే తీరు

బ్రాంచి కార్యాలయంలో ఉంచదగిన నగదుకు పరిమితి ఉంటుంది. చెల్లింపులు ఎక్కువైన రోజున పోస్టుమాస్టరు అకౌంట్ ఆఫీసు నుంచి సొమ్ము తెప్పించుకోవాలి. అది ఆలస్యమైతే ముసలివారు వట్టి చేతులతో తిరిగి వెళ్తారు. దుకాణంలో సాయంత్రానికి పోగయ్యే నగదును నిర్వాహకులు తమ ఖాతాలో తపాలా కార్యాలయం వద్దనే జమ చేస్తే, మరునాటి చెల్లింపులకు ఆ సొమ్ము ఉపకరిస్తుంది. పింఛను లేదా కూలి డబ్బు గ్రామంలో చేతికందితే దానిలో అధికభాగం గ్రామంలోని దుకాణంలోనే ఖర్చవుతుంది. అదే సొమ్ము మండల కేంద్రంలో చేతికందితే బజారు కూడా అక్కడే జరుగుతుంది. దుకాణం, తపాలా కార్యాలయం ఒకదానికొకటి ఆసరా అయ్యేది ఈ విధంగానే. తెలంగాణ గ్రామాలలో ఆసరా పింఛన్ల చెల్లింపులో తపాలా కార్యాలయాలకు ప్రధాన పాత్ర ఉండటం ఇందుకు అనుకూలించే అంశం.

సంఘం చేపట్టదగిన పనులు

మొదటిది వసతి. బ్రాంచి పోస్టుమాస్టరు మారినప్పుడల్లా కార్యాలయం ఒక ఇంటి నుంచి మరొక ఇంటికి మారుతుంది. సమాఖ్య భవనంలోనో, పంచాయతీ ఆవరణలోనో అందరూ వెళ్లగలిగిన ఒక గదిని చూపితే ఈ అస్థిరత తొలగుతుంది. రెండవది సరుకు. నాలుగైదు గ్రామాల సంఘాలు మండల సమాఖ్య ద్వారా కలిసి టోకున కొంటే ధర, రవాణా రెండింటిలోను మిగులు ఉంటుంది. మూడవది ప్రచారం. నెలవారీ సమావేశానికి పోస్టుమాస్టరును పిలిచి పథకాలను వివరింపజేయవచ్చు. నాలుగవది నిర్వహణ. దుకాణం బాధ్యత చూసే సభ్యురాలికి నెలకింత అని గౌరవవేతనం తీర్మానించి, లాభనష్టాలను సంఘం ఖాతాలో చూపడం అవసరం.

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

దుకాణం, తపాలా కార్యాలయం దగ్గరగా ఉండటంలో మేలుతోపాటు ఒక ప్రమాదం కూడా ఉంది. అరువు ఖాతా, పింఛను చెల్లింపు ఒకే బల్ల మీదకు వస్తే, పాత బాకీ కింద వృద్ధురాలి పింఛను చేతికందకముందే కోతపడవచ్చు. పింఛను పూర్తిగా ఆమె చేతిలో పెట్టిన తరువాత, బాకీ చెల్లించాలా, ఎంత చెల్లించాలా అన్నది ఆమె నిర్ణయించుకోవాలి. కనుక చెల్లింపు బల్లకు, దుకాణం బల్లకు స్థలం, సమయం, మనిషి వేరుగా ఉండటం ఉత్తమం. పాసు పుస్తకాలను దుకాణంలో తాకట్టుగా ఉంచుకొనడాన్ని సంఘం తీర్మానం ద్వారా నిషేధించాలి. వేలిముద్ర వేసిన ప్రతిసారీ రసీదు ఇచ్చి, మొత్తాన్ని పైకి చదివి వినిపించాలి.

అరువుకు కూడా హద్దు అవసరం. కరువు నెలలలో పేద కుటుంబానికి అరువే ఆధారం కనుక దానిని పూర్తిగా ఆపివేయడం న్యాయం కాదు. సభ్యురాలు చెందిన పొదుపు సంఘం పూచీతో, ఇంత మొత్తం వరకు, ఇన్ని వారాల లోపు అని ముందే నిర్ణయిస్తే దుకాణం పెట్టుబడి కరిగిపోదు, కుటుంబం పస్తుండదు. సంఘం నాయకుల కుటుంబాలకు కూడా ఇదే హద్దు వర్తించాలి.

తనిఖీకి చట్టబద్ధమైన మార్గాలు ఉన్నాయి. ఆహార భద్రత చట్టం దుకాణ స్థాయిలో నిఘా కమిటీని, సామాజిక తనిఖీని నిర్దేశించింది. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ఆరంభమైన తరువాత, తపాలా కార్యాలయాల ద్వారా జరిగిన వేతన చెల్లింపులను సామాజిక తనిఖీలలో ఊరి ఎదుట చదివి సరిచూసే పద్ధతి రాష్ట్రంలో అలవడింది. దుకాణం లెక్కలకు కూడా అదే పద్ధతి వర్తింపజేయవచ్చు.

పరిశీలించదగిన అంశాలు

క్షేత్ర పర్యటనకు వెళ్లే అధికారులు, పాత్రికేయులు కొన్ని విషయాలను గమనిస్తే గ్రామంలోని వాస్తవస్థితి తెలుస్తుంది. తపాలా కార్యాలయం ప్రకటించిన వేళలలో తెరచి ఉంటున్నదా? నగదు లేదన్న కారణంతో నెలలో ఎందరు తిరిగి వెళ్లారు? దుకాణంలో నిల్వ, ధరల బోర్డు కనిపిస్తున్నాయా? అరువు పుస్తకంలోని మొత్తం దుకాణం పెట్టుబడిలో ఎంత భాగం? సంఘం సమావేశంలో దుకాణం లెక్క చివరిసారిగా చదివినది ఎప్పుడు? షెడ్యూల్డు కులాల, తెగల వాడలకు దుకాణం ఎంత దూరం? ఈ సమాధానాలు నెలనెలా నమోదైతే, దుకాణమో కార్యాలయమో మూతపడిన తరువాత అర్జీ పెట్టుకొనే పరిస్థితి రాకముందే, లోపం ఎక్కడ ఉన్నదో గ్రామసభలో చర్చించి సరిదిద్దుకొనే వీలు కలుగుతుంది.