పసిపిల్లల తొడ ఎముక విరిగితే... కట్టు చాలు, కాపలా కావాలి

ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన, శబరి నది ఒడ్డున ఉంది కొంటా. ఒకప్పుడు బస్తర్‌లో భాగమైన ఈ ఊరు ఇప్పుడు సుక్మా జిల్లాలో ఉంది. ఏటి అవతల ఒడిశా. రోడ్డు పట్టుకుని దక్షిణంగా వెళితే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు, ఆ తర్వాత తెలంగాణలోని భద్రాచలం వస్తాయి. ఇంట్లో ఎవరికైనా పెద్ద దెబ్బ తగిలితే ఉత్తరాన జగదల్‌పూర్‌కు వెళ్లాలా, దక్షిణాన భద్రాచలానికి వెళ్లాలా అని ఇక్కడివాళ్లు ఆలోచించుకోవాలి. రెండూ దూరమే.

మూడేళ్ల పిల్ల అరుగు మీద నుంచో, చెట్టు మీద నుంచో, బైక్ మీద నుంచో పడి తొడ ఎముక విరిగిందనుకుందాం. ఒంట్లోకెల్లా పెద్ద ఎముక అది. కాబట్టి పెద్ద ఆపరేషన్ తప్పదనీ, పట్నం వెళ్లాల్సిందేననీ ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నిజానికి సుమారు ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో, తొడ ఎముక నడిమి భాగం విరిగిన సందర్భాల్లో ఎక్కువ వాటికి ఆపరేషన్ అవసరం రాదు. నడుము నుంచి కాలి వరకు వేసే పిండికట్టు సరిపోతుంది. అయితే ఆ కట్టు ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ప్రమాదం తెస్తుందో ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి.

పచ్చి కొమ్మ లాంటి ఎముక

పెద్దల ఎముక ఎండు కొమ్మలాంటిది. పిల్లల ఎముక పచ్చి కొమ్మలాంటిది. దాని చుట్టూ పెరియాస్టియం అనే పొర మందంగా, బలంగా ఉంటుంది. లోపల ఎముక విరిగినా చాలాసార్లు ఈ పొర ఒక పక్కన తెగకుండా నిలుస్తుంది. రక్తప్రసరణ బాగా ఉన్న ఆ పొర నుంచే కొత్త ఎముక కణాలు పుడతాయి. అవి విరిగిన చోటు చుట్టూ మెత్తటి ముద్దలా పేరుకుని, క్రమంగా సున్నం పట్టి గట్టిపడతాయి. పుట్టిన బిడ్డలో ఇదంతా రెండు మూడు వారాల్లో అయిపోతుంది. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు దాదాపు నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పెద్దవాళ్లకు నెలల తరబడి పడుతుంది.

పిల్లల ఎముక తన వంకరను తానే దిద్దుకుంటుంది కూడా. ఒత్తిడి పడే వైపు ఎముక చేరుతుంది, ఒత్తిడి లేని వైపు అరుగుతుంది. ఎముక చివర్లలో ఉండే ఎదుగుదల పలకలు కూడా దిశ మార్చుకుని కాలిని తిన్నగా చేస్తాయి. అందుకే రెండు నుంచి ఐదేళ్ల మధ్య పిల్లల్లో పక్కకు 15 డిగ్రీలు, ముందుకో వెనక్కో 20 డిగ్రీల వరకు వంకర ఉన్నా వైద్యులు కంగారుపడరు. రెండేళ్ల లోపైతే ఇంకా ఎక్కువ వంకరను కూడా ఒప్పుకుంటారు.

పొడవు విషయం మరీ విచిత్రంగా ఉంటుంది. ఎముక అతుక్కునే రోజుల్లో కాలికి రక్తం ఎక్కువగా అందుతుంది. దాంతో ఎదుగుదల పలకలు చురుకెక్కి, విరిగిన కాలు రెండో కాలి కంటే కాస్త వేగంగా పెరుగుతుంది. రెండేళ్లు దాటిన పిల్లల్లో ఈ అదనపు పెరుగుదల సగటున ఒక సెంటీమీటరు దాకా ఉంటుంది. అందుకే విరిగిన కొసలు ఒకదాని మీద ఒకటి సెంటీమీటరు మేర ఎక్కి ఉన్నా వైద్యులు అలాగే కట్టు వేస్తారు. ఎక్స్‌రేలో కొసలు తప్పి కనిపించగానే ‘ఎముక సరిగ్గా పెట్టలేదు’ అని కట్టు విప్పించి వేరే చోటుకు తీసుకెళ్లే తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది.

తనంతట తాను పెద్దగా సర్దుకోనిది ఒకటుంది: మెలిక. కాలు లోపలికో బయటికో తిరిగిపోయి అతుక్కుంటే చాలావరకు అలాగే ఉండిపోతుంది. కట్టు వేసేటప్పుడు వైద్యులు మోకాలి చిప్ప, పాదం ఏ దిశలో ఉన్నాయో పట్టి పట్టి చూసేది అందుకే.

నడుము దాకా కట్టు ఎందుకు?

‘విరిగింది తొడ, మరి పొట్ట దాకా కట్టెందుకు?’ అని చాలామంది అడుగుతారు. విరిగిన ఎముక కదలకుండా ఉండాలంటే దాని పైకీలు, కింది కీలు రెండూ కదలకూడదు. తొడ ఎముకకు పైకీలు తుంటి. తుంటిని ఆపాలంటే నడుమునూ కలిపి కట్టాలి. పైగా తొడ కండరాలు బలమైనవి. విరిగిన పై ముక్కను అవి ముందుకు, పక్కకు లాగేస్తాయి. ఆ చిన్న ముక్కను బయటి నుంచి పట్టుకుని వెనక్కి తేవడం కష్టం. కాబట్టి కింది ముక్కనే పై ముక్క ఉన్న దిశకు తీసుకొస్తారు. అందుకే కట్టులో పిల్ల తుంటి, మోకాలు మడిచి, కాళ్లు ఎడంగా, కుర్చీలో కూర్చున్నట్టు ఉంటుంది.

ఈ కట్టును ‘స్పైకా’ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు ధాన్యపు కంకి అని అర్థం. తుంటి దగ్గర గుడ్డను అటూ ఇటూ దాటిస్తూ చుడితే కంకిలో గింజలు పేర్చినట్టు కనబడుతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. మన చిత్రా నక్షత్రానికి పాశ్చాత్యులు పెట్టుకున్న పేరు కూడా స్పైకానే.

కట్టులోని పిండి ప్లాస్టర్ ఆఫ్ పారిస్. జిప్సం రాయిని వేడి చేసి అందులోని నీటిలో ముప్పాతిక వంతు తీసేస్తే ఈ పొడి వస్తుంది. మళ్లీ నీళ్లు తగలగానే పోయిన నీటిని తిరిగి పట్టుకుని గట్టి స్ఫటికాలుగా అల్లుకుంటుంది. అలా అల్లుకునేటప్పుడు వేడి పుడుతుంది. పట్టీలను వేడినీళ్లలో ముంచినా, మందంగా చుట్టినా, ఆరకముందే దుప్పటి కప్పినా ఆ వేడి బయటికి పోలేక చర్మం కాలే ప్రమాదం ఉంది. గంటలోపే గట్టిగా అనిపించినా, పిండికట్టు పూర్తిగా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఫైబర్‌గ్లాస్ కట్టు తేలిక, త్వరగా ఆరుతుంది, కానీ ఖరీదు ఎక్కువ.

నాటుకట్టు సంగతి

తెలుగు నేల మీద ఎముకల వైద్యం అనగానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. అడవి పల్లెల్లోనూ వెదురు బద్దలతో కట్టు కట్టేవాళ్లు ఉన్నారు. ఈ విద్యను తేలిగ్గా తీసిపారేయనక్కర్లేదు. విరిగిన తొడకు నేటికీ వాడే థామస్ స్ప్లింట్‌ను రూపొందించిన 19వ శతాబ్దపు లివర్‌పూల్ వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్ తరతరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలోనే పుట్టాడు. కదలకుండా ఆపితే ఎముక అతుక్కుంటుందన్న సూత్రం ఇద్దరిదీ ఒకటే.

తేడా రక్తప్రసరణ దగ్గర వస్తుంది. దెబ్బ తగిలిన కాలు మొదటి రెండు మూడు రోజులు వాస్తుంది. బిగించిన బద్దలు ఆ వాపుకు చోటివ్వవు. లోపల ఒత్తిడి పెరిగి రక్తం ఆగిపోతే కొన్ని గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. కుళ్లు పట్టి కాలే తీసేయాల్సి రావచ్చు. ఎముక ఎలాగూ అతికేదే, కాలు పోయేది బిగుతు వల్ల. ఆసుపత్రిలో వేసిన కట్టుకూ ఇదే ప్రమాదం ఉంది. అందుకే కట్టు వేశాక కొంతసేపు ఆసుపత్రిలోనే ఉంచి వేళ్లను గమనిస్తారు.

దారిలో, ఇంట్లో

దెబ్బ తగిలిన చోట కాలును లాగకూడదు, నూనె రాసి మర్దన చేయకూడదు. రెండు కాళ్ల మధ్య మెత్తటి గుడ్డ పెట్టి, విరిగిన కాలును బాగున్న కాలితో కలిపి వదులుగా కట్టాలి. దొరికితే చంక నుంచి మడమ దాకా ఒక బద్ద ఆధారంగా పెట్టాలి. 108కు ఫోన్ చేయాలి. కట్టు వేసేముందు మత్తు ఇస్తారు కాబట్టి దారిలో ఏమీ తినిపించకుండా ఉంటే మంచిది. చివరిసారి పాలు, అన్నం ఎప్పుడు పెట్టారో వైద్యుడికి చెప్పాలి. పిల్ల పాలిపోయి మగతగా ఉంటే తొడ ఒక్కటే కాదు, కడుపులోనో తలలోనో దెబ్బ ఉందేమో చూడమనాలి. ఇంకా నడక రాని బిడ్డకు తొడ ఎముక విరిగితే అది ఎలా జరిగిందో వైద్యులు గుచ్చి గుచ్చి అడుగుతారు. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బులూ, బిడ్డను ఎవరైనా కొట్టడమూ కారణం కావచ్చు. ఆ ప్రశ్నలు బిడ్డ మేలు కోసమే.

ఇంటికి వచ్చాక రోజుకు చాలాసార్లు కాలివేళ్లు చూడాలి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. వేళ్లు నీలంగానో తెల్లగానో, చల్లగా మారినా, కదపలేకపోయినా, మందు వేసినా నొప్పి పెరుగుతూ పిల్ల ఏడుపు ఆపకపోయినా, కట్టులోంచి దుర్వాసన వచ్చినా మర్నాటి దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

రెండు మూడు గంటలకోసారి పిల్లను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టాలి. ఎత్తేటప్పుడు పిరుదుల కింద చెయ్యి వేయాలే గానీ, కాళ్ల మధ్య ఉన్న కర్రను పట్టుకుని లేపకూడదు. మూత్రం కట్టులోకి పోకుండా తలవైపు కాస్త ఎత్తుగా ఉంచి, చిన్న గుడ్డను కట్టు అంచు లోపలికి దోపి, తడిసిన వెంటనే మార్చాలి. దురదకు పుల్లలు దూర్చకూడదు. పొట్ట మీద కట్టు ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినిపించాలి.

ఒక మనిషి ఈ కొన్ని వారాలూ పిల్ల దగ్గరే ఉండాలి. మిరప కోతలకు సరిహద్దు దాటి వెళ్లే కుటుంబాలకు ఇది చిన్న మాట కాదు, ఒక సీజన్ కూలి పోయినట్టే. కొసలు జారాయేమో చూసే ఎక్స్‌రే మొదటి ఒకటి రెండు వారాల్లో తీయాలి. సరిగ్గా ఆ రోజుల్లో దారి మూసుకుపోనూవచ్చు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు శబరి వెనక్కి ఎగదన్ని ఈ రోడ్లన్నీ మునిగాయి. కాబట్టి వానాకాలంలో కట్టు వేయించుకున్నవాళ్లు దారి మూసుకుపోతే ఎవరికి ఫోన్ చేయాలో, వేళ్ల ఫొటో ఎవరికి పంపాలో ముందే అడిగి రాసుకోవాలి.

కట్టు తీశాక పిల్ల కొన్ని వారాలు కుంటుతుంది, పాదం బయటికి తిప్పి నడుస్తుంది. ప్రత్యేక వ్యాయామాలు సాధారణంగా అక్కర్లేదు, ఆటలే చాలు. ఎత్తు సమంగా ఉందో లేదో చూపించుకోవడానికి రెండేళ్ల పాటు అప్పుడప్పుడు వెళితే మంచిది. ఆరేళ్లు దాటిన పిల్లలకూ, చర్మం చీలి ఎముక బయటపడినప్పుడూ, పొట్టితనం రెండు సెంటీమీటర్లు మించినప్పుడూ దారి వేరు. లోపల వంగే కడ్డీలు వేయడమో, బరువు కట్టి లాగడమో చేస్తారు. మిగతా చాలామంది చిన్నారుల్లో ఎముకను అతికించేది ఆ పిల్ల ఒళ్లే. కట్టు దాన్ని కదలకుండా చూస్తుంది. ఆ కట్టును కనిపెట్టుకుని ఉండాల్సింది ఇంట్లోవాళ్లు.