బండి లాగగలదు - మరి ఆపగలదా?

మిరపకోతలు మొదలైతే తెల్లవారకముందే మన పల్లెల్లో ట్రాక్టర్ల చప్పుడు వినిపిస్తుంది. సద్దిగిన్నెలు చంకన పెట్టుకొని ఆడకూలీలు రామాలయం దగ్గర, రచ్చబండ దగ్గర గుంపుగా నిలబడతారు. ట్రాలీ వస్తుంది. ఇరవైమంది పట్టే చోట ముప్పయి, ముప్పయి అయిదు మంది ఎక్కుతారు. చోటు చాలని వాళ్లు తొట్టి అంచు మీద, మడ్‌గార్డుల మీద కూర్చుంటారు. ఎవరైనా నోరు తెరిచి "ఇంతమందిమా?" అంటే డ్రైవరు నవ్వుతాడు. "ఏం కాదు పెద్దమ్మా, నలభై అయిదు హార్స్‌పవర్ బండి ఇది. డెబ్బయి బస్తాలు లాగుద్ది. మీరొక లెక్కా?"

ఈ మాట మేము ఎన్ని వూళ్లలో విన్నామో లెక్కలేదు. చాలాకాలం మేమూ నమ్మాం. కొన్నేళ్ల క్రితం ఒక ముఠాతో కలిసి మేము అలాగే ట్రాలీ ఎక్కి పోతున్నాం. కాలువ వంతెన దాటి రోడ్డు కిందికి దిగేచోట డ్రైవరు డీజిలు కలిసొస్తుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలాడు. వెనక ట్రాలీ ముందున్న ట్రాక్టరును తోసింది. అతను బ్రేకు తొక్కాడు, బండి ఒక పక్కకు లాగింది, పొలంలోకి దూకి ఆగింది. ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక తల్లికి చెయ్యి విరిగింది. ఆమెకు ఆ సీజనంతా కూలి లేదు. ఆస్పత్రి ఖర్చు అప్పయింది. యజమాని "నా బండి పాడయింది" అన్నాడే తప్ప పైసా ఇవ్వలేదు.

ఆనాటి నుంచి ఈ 'లాగుద్ది' అన్న మాటేమిటో తెలుసుకోవాలని బయలుదేరాం. మెకానిక్కులను అడిగాం, డ్రైవర్లను అడిగాం, దొరికిన పుస్తకాలు చదివాం. తెలిసింది ఇక్కడ రాస్తున్నాం.

గుర్రాలెన్ని అన్నది సగం లెక్కే

హార్స్‌పవర్ అంటే బరువును ఎంత వేగంతో లాగగలదు అన్న లెక్క. ఒక హార్స్‌పవర్ అంటే 75 కిలోల బరువును ఒక సెకనులో ఒక మీటరు ఎత్తుకు లేపే శక్తి. ఇందులో బరువూ వుంది, వేగమూ వుంది. ఒకటి పెంచితే రెండోది తగ్గి తీరాలి.

45 హార్స్‌పవర్ ఇంజను తీసుకుందాం. గేరుబాక్సులో, ఇరుసులో, టైర్లలో పోయేది పోగా చక్రాల దగ్గర 36 మిగిలిందనుకుందాం. అదే ఇంజను గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడిస్తే సుమారు 3,240 కిలోల బలంతో లాగగలదు. 30 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే 324 కిలోలే. ఇంజను మారలేదు, డీజిలు మారలేదు. వేగం పదింతలయింది, లాగే బలం పదోవంతయింది.

ఈ మార్పిడి చేసేదే గేరు. బండరాయిని గునపంతో లేపే మనిషిని చూడండి. గునపం పొడుగు పెరిగేకొద్దీ రాయి తేలిగ్గా లేస్తుంది. కానీ చెయ్యి మూరెడు కదిలితే రాయి బెత్తెడే కదులుతుంది. గేరుబాక్సులో పళ్లచక్రాలు చేసే పని ఇదే. చిన్న చక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే తిరుగుడు తగ్గుతుంది, మెలితిప్పే బలం పెరుగుతుంది. ఈ మెలితిప్పే బలాన్నే మెకానిక్కులు టార్కు అంటారు. గేరుబాక్సు తర్వాత వెనక ఇరుసులో మళ్లీ ఒకసారి ఈ తగ్గింపు జరుగుతుంది. అందుకే ట్రాక్టరు ఇంజను నిమిషానికి రెండువేల చుట్లు తిరుగుతున్నా లో గేరులో పెద్ద చక్రం మెల్లగా, ఏనుగు నడకగా తిరుగుతుంది.

కనుక ఒకే హార్స్‌పవర్ వున్న రెండు బండ్లు ఒకేలా లాగవు. ఒకదాని ఇంజను తక్కువ తిరుగుడులోనే గట్టి టార్కు ఇస్తుంది. ఎత్తు వచ్చి ఇంజను కాస్త కుంగినా మొండిగా లాక్కుపోతుంది. మరొకటి వేగంగా తిరిగితేనే బలం చూపిస్తుంది; కుంగిందంటే ఆగిపోతుంది. ఒకదానికి ఇరుసులో తగ్గింపు ఎక్కువ, అది బరువుకు మంచిది. మరొకదానికి తక్కువ, అది రోడ్డు మీద పరుగుకు మంచిది. వెనక టైర్లు మార్చి పెద్దవి వేసినా ఈ లెక్క మారుతుంది: పరుగు పెరుగుతుంది, లాగుడు తగ్గుతుంది. బానెట్ మీద రాసిన ఒక్క అంకె చూసి "ఇంత లాగుద్ది" అని చెప్పడం చేను గట్టు మీద నిలబడి పంట దిగుబడి చెప్పడం లాంటిది.

నేల ఒప్పుకోవాలి

మరి లో గేరులో 3,240 కిలోల బలం వుంది కదా, అదంతా పనికొస్తుందా? రాదు. ట్రాక్టరు బరువు రెండు టన్నులనుకుంటే దాదాపు మూడింట రెండు వంతులు వెనక చక్రాల మీద వుంటుంది. గట్టినేల మీద కూడా ఆ భారంలో సగమో, అంతకు కొంచెం ఎక్కువో మాత్రమే లాగుడుగా మారుతుంది. అంటే ఎనిమిది, తొమ్మిది వందల కిలోలు. ఆపైన చక్రం వున్నచోటే తిరుగుతుంది. బురదలో ఇంకా తక్కువ. దమ్ము చేసేటప్పుడు కేజీవీల్సు బిగించేదీ, టైర్లలో నీళ్లు నింపేదీ, చక్రాలకు ఇనుపదిమ్మలు తగిలించేదీ ఇందుకే.

లో గేరులో హద్దు పెట్టేది నేల. హై గేరులో హద్దు పెట్టేది ఇంజను. ఈ రెండూ తెలియని డ్రైవరు దిగబడిన ట్రాలీని లాగడానికి గొలుసు తీసుకుపోయి పై ఇరుసుకు కడతాడు. బలం పైనుంచి పడేసరికి ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి, ట్రాక్టరు వెనక్కి తిరగబడి డ్రైవరు మీదే పడుతుంది. గొలుసు ఎప్పుడూ ఇరుసు కన్నా కింద వుండే హుక్కుకే కట్టాలి. ట్రాక్టరు డ్రైవర్లలో ఎక్కువమంది మన కూలీ కుటుంబాల పిల్లలే. ఈ సంగతి వాళ్లకు చెప్పడం మన బాధ్యత.

ఎక్కేటప్పుడు లాగినదే దిగేటప్పుడు తోస్తుంది

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ట్రాక్టరు రెండు టన్నులు, నిండు ట్రాలీ అయిదు టన్నులు, మొత్తం ఏడు టన్నులు అనుకుందాం. తారురోడ్డు మీద చక్రాలు దొర్లడానికి వందకు మూడు కిలోల చొప్పున 210 కిలోల బలం చాలు. 30 కిలోమీటర్ల వేగంతో హాయిగా పోతుంది. డ్రైవరు చెప్పే 'డెబ్బయి బస్తాలు' ఇదే.

పది అడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే చెరువుకట్ట వచ్చిందనుకోండి. ఇంకో 700 కిలోల బలం కావాలి. మొత్తం 910. ఇప్పుడు అదే ఇంజను గంటకు పది, పదకొండు కిలోమీటర్లకు మించి ఎక్కలేదు. గేరు దించక తప్పదు. ఇంజను మూలుగుతుంది, పొగ కక్కుతుంది. డ్రైవరుకు బరువు తెలుస్తుంది.

అదే కట్ట అవతలి వైపు దిగేటప్పుడు? ఎక్కేటప్పుడు వెనక్కి లాగిన ఆ 700 కిలోలే ఇప్పుడు ముందుకు తోస్తాయి. అయితే ఇంజను మూలగదు, పొగ రాదు. బండి తేలిగ్గా పోతున్నట్టే వుంటుంది. ప్రమాదం ఇక్కడే దాక్కొని వుంది. లో గేరులో వుంటే చక్రాలు ఇంజనును తిప్పాల్సి వస్తుంది, ఇంజను వాటిని పట్టి ఆపుతుంది. గేరు లాగడానికే కాదు, పట్టి వుంచడానికి కూడా. న్యూట్రల్ చేసినా, క్లచ్చి తొక్కి పట్టుకున్నా ఆ పట్టు తెగిపోతుంది. మిగిలేది బ్రేకు ఒక్కటే.

ఆ బ్రేకు ఎక్కడుంది? ట్రాక్టరు వెనక చక్రాలకు వుంది. మన వూళ్లలో తిరిగే చాలా ట్రాలీలకు బ్రేకే లేదు. రెండు టన్నుల బండి బ్రేకు తన బరువును, వెనక అయిదు టన్నుల బరువును కలిపి ఆపాలి. పైగా ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి రెండు బ్రేకు పెడళ్లు వుంటాయి. దుక్కిలో మలుపు తిప్పడానికి అలా పెట్టారు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కొక్కెంతో కలిపి వుంచాలి. కలపకుండా వేగంలో ఒక్కటే తొక్కితే బండి గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. మేమెక్కిన బండి పొలంలోకి దూకింది అందుకేనని తర్వాత మెకానిక్కు చెప్పాడు. ఆ కొక్కెం ఎప్పుడో వూడిపోయిందట. వేగం రెట్టింపయితే ఆగే దూరం నాలుగింతలవుతుందనేది కూడా గుర్తుంచుకోవాలి.

మనుషులు బస్తాలు కాదు

ముప్పయిమంది కూలీల బరువు ఎంత? మహా అయితే టన్నున్నర. ఇంజనుకు అది దూదిపింజ. అందుకే కూలీలతో పోయే ట్రాలీ ధాన్యంతో పోయే ట్రాలీ కన్నా వేగంగా పోతుంది. ధాన్యం బరువుకు డ్రైవరు భయపడతాడు, మన బరువుకు భయపడడు. బస్తా కదలదు. మనుషులు నిలబడతారు, మలుపులో ఒక పక్కకు ఒరుగుతారు, అంచు మీద కూర్చుంటారు. బరువు పైకి పోయినకొద్దీ బోల్తా పడే గుణం పెరుగుతుంది. 'లాగుద్దా' అనేది మన విషయంలో ప్రశ్నే కాదు. 'ఆగుద్దా, నిలుస్తుందా' అన్నదే ప్రశ్న.

2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పి.ఎ.పల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాలీ పడి 15 మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువమంది ఆడవాళ్లే. రోజుకూలికి బయలుదేరిన వాళ్లే. ఆ ట్రాలీలను లాగడానికి ఇంజను బలం చాలలేదా? చాలింది. కాలువ దాకా లాక్కుపోయింది.

1988 మోటారు వాహనాల చట్టమే ట్రాక్టరును తనంతట తాను బరువు మోయడానికి తయారుకాని వాహనంగా చెబుతుంది. ట్రాలీ సరుకు కోసం, మనుషుల కోసం కాదు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీలు ఈ మాటే పట్టుకొని పరిహారం ఎగ్గొట్టడానికి కోర్టుల్లో వాదిస్తాయి. బస్సు కిరాయి, ఆటో కిరాయి మిగిలేది యజమానికి. ప్రాణం, పరిహారం రెండూ పోయేది కూలీకి.

పరీక్ష ఎవరు పెట్టాలి?

ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు కంపెనీ గొప్పలు నమ్మి పనికిరాని ట్రాక్టరు కొని దెబ్బతిన్నాడు. ఆయన చట్టసభకు వెళ్లి, పరీక్షకు నిలబడి తాము చెప్పిన బలం నిజమని చూపించాకే ఏ కంపెనీ అయినా అక్కడ ట్రాక్టరు అమ్మాలని 1919లో చట్టం తెప్పించాడు. మరుసటి ఏడాది పరీక్షలు మొదలయ్యాయి. మన దేశంలో మధ్యప్రదేశ్‌లోని బుద్నీ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి ఏ గేరులో ఎంత లాగుతుందో, బ్రేకు ఎలా పట్టుతుందో నివేదిక ఇస్తుంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కూడా కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ వుంది. ట్రాక్టరుకు ఇంత పరీక్ష వుంటే, వూరి వెల్డింగు షాపులో అతికించిన ట్రాలీకి, దాని హుక్కుకు, పిన్నుకు పరీక్ష ఎక్కడుంది? కొనేవాడి కోసం పరీక్ష వుంది, ఎక్కేవాడి కోసం లేదు.

అందుకని మన ముఠాలు చేయాల్సిన పనులు కొన్ని వున్నాయి. కూలి మాట్లాడుకునేటప్పుడే రవాణా మాట్లాడుకోవాలి: మనుషులు ఎక్కే బండి పెట్టాలి, దాని కిరాయి యజమానే భరించాలి. అది సాధించేదాకా గత్యంతరం లేక ట్రాలీ ఎక్కాల్సి వస్తే మేస్త్రి ముందు మూడు చూడాలి: హుక్కు పిన్నుకు కొక్కెం వుందా, రెండు బ్రేకు పెడళ్లు కలిపి వున్నాయా, డ్రైవరు తాగి వున్నాడా. అంచు మీద, మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోరాదు. కట్ట దిగేటప్పుడు, ఎక్కే గేరులోనే దిగాలని డ్రైవరుకు గట్టిగా చెప్పాలి. కట్ట మీద, కాలువ గట్టు మీద దిగి నడవాలి.

చెయ్యి విరిగిన ఆ తల్లి ముఠా ఇప్పుడు ఇదే పాటిస్తున్నది. మొదట్లో డ్రైవర్లు ఎగతాళి చేశారు, యజమాని పొద్దుపోతున్నదని కసిరాడు. వంతెన దగ్గరికి రాగానే ఆమె కట్టు కట్టి అతికిన చెయ్యి పైకెత్తి "ఆపు అబ్బాయ్, మేం దిగుతాం" అంటుంది. ముప్పయిమందీ దిగుతారు. ఖాళీ ట్రాలీ లో గేరులో మెల్లగా దిగుతుంది. కింద మళ్లీ ఎక్కుతారు. అయిదు నిమిషాలు ఆలస్యం. ఆ అయిదు నిమిషాలకు కూలి కోయమని ఇప్పుడు యజమాని చేతే చెప్పించారు.