కొండ ఎక్కకుండా కొండ దూరం

పిల్లలూ! కొత్తవలసలో అరకు వెళ్లే రైలెక్కితే కొంతసేపటికి కొండలు ఎదురవుతాయి. ఒకరోజు తరగతిలో జిల్లా పటం తగిలించగానే ఒక అబ్బాయి లేచి, "మేస్టారూ, ఇన్ని కొండల మీదుగా టేపు ఎలా లాగారండీ?" అని అడిగాడు. అందరూ నవ్వారు. కాని అది నవ్వవలసిన ప్రశ్న కాదు.

జవాబు మీ లెక్కల పుస్తకంలోనే ఉంది. త్రిభుజంలో ఒక భుజం పొడవు, దాని రెండు చివరలా ఉన్న కోణాలు తెలిస్తే మిగతా భుజాలను లెక్కకట్టవచ్చు. చదునైన నేలమీద ఒక గీత కొలిచి, దాని రెండు కొసల నుంచి శిఖరాన్ని చూస్తూ థియొడొలైట్‌తో కోణాలు కొలిస్తే చాలు. అలా తేలిన భుజం మరో త్రిభుజానికి ఆధారమవుతుంది. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన సర్వే ఇలాగే, త్రిభుజం పక్కన త్రిభుజం చేర్చుకుంటూ దేశమంతటా సాగింది.

మరి మొదటి గీతలోనే తప్పు దొర్లితే? ఇనుపకడ్డీ ఎండకు వ్యాకోచిస్తుంది. వేడి 10 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగితే, ఆ కడ్డీతో కొలిచిన 10 కి.మీ.లో సుమారు 1.2 మీటర్ల తేడా వస్తుంది. అదే తప్పు త్రిభుజాల వెంట 400 కి.మీ. పోతే 48 మీటర్లవుతుంది. గట్టుమీది గుడి పటంలో చెరువులో పడుతుంది!

అందుకే కోల్బీ అనే ఇంజనీరు 10 అడుగుల ఇనుప, ఇత్తడి కడ్డీలను పక్కపక్కన పెట్టి మధ్యలో బిగించాడు. వాటి కొసలను కలుపుతూ ఒక్కో ఉక్కునాలుక అమర్చాడు. ఇత్తడి ఎక్కువ సాగుతుంది కనుక నాలుక వాలుతుంది. కాని ఇనుము వైపు తగినంత దూరంలో దానిమీద పెట్టిన చుక్క ఉన్నచోటనే ఉంటుంది. రెండు చివరల చుక్కల మధ్య దూరం ఎండలోనూ మారదు.

1862-63లో ఇలాంటి కడ్డీలతోనే విశాఖపట్నం ఆధారరేఖను కొలిచారు. కలకత్తా నుంచి తీరం వెంట వచ్చిన త్రిభుజాల లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికే ఈ శ్రమంతా.

1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం ప్రాంతం వేరే జిల్లాలోకి వెళ్లింది. పటంలో హద్దులు మారాయి. కొండల మధ్య దూరాలు మారలేదు.

మీరూ చేసి చూడండి. ఆటస్థలంలో 10 మీటర్ల దూరంలో రెండు మేకులు పాతండి. రెండింటి దగ్గర నుంచీ ఒక చెట్టును చూసి, కోణమానినితో కోణాలు కొలవండి. 1 మీటరుకు 1 సెం.మీ. చొప్పున కాగితంమీద త్రిభుజం గీయండి. చెట్టు దూరం తెలుస్తుంది. తర్వాత టేపుతో కొలవండి. తేడా వచ్చిందా? ముందు ఆ 10 మీటర్లనే మళ్లీ కొలవండి!