రొక్కపు సహాయము – అడవి నరుకుడు

బీదకుటుంబమునకు సర్కారు రొక్కమిచ్చినచో అడవి మిగులునా, తరుగునా? తిరుమలగిరి తండాల చుట్టుపట్ల తరచుగా వినవచ్చు ప్రశ్న యిది. రెండును జరుగుననియే మా యభిప్రాయము. సొమ్ము ఎప్పుడు, ఏ లెక్కన చేతికి వచ్చినదో దానినిబట్టి యుండును.

వానలు వెనుకబడినపుడు చెలకలలో కూలి దొరకదు. బీదవాడు గొడ్డలి పట్టి కట్టెలమోపు అమ్ముకొనును. లేదా అడవి అంచున రెండు గుంటలు నరకి చదును చేసికొనును. ఆ గడ్డుదినములలో చేతికి కొంత సొమ్ము వచ్చెనేని గొడ్డలి మూలనుండును. ఇండోనేషియాలో నిది కనబడినది. అచ్చట పిల్లలను బడికి పంపవలెను, తల్లులు వైద్యము పొందవలెను అను షరతులతో బీదలకు రొక్కమిచ్చిరి. అడవిని గూర్చి యొక్క షరతైనను లేదు. అయినను 2008–2012 నడుమ 7,468 గ్రామములను పరిశీలింపగా అడవినష్టము నూటికి 30 వంతులు తగ్గినట్లు 2020లో వెల్లడియైనది. వాన ఆలస్యమైన యేడు నరకి తీర్చుకొను నష్టమును రొక్కము తీర్చినదని పరిశోధకులు తలచిరి.

మెక్సికోలో కథ వేరు. సొమ్మాడగానే పాలు, మాంసముల వాడుక హెచ్చినది. పశువులకు మేతభూమి కావలసివచ్చినది. బాటలు సరిగా లేని పల్లెలలో ఆ భూమికొరకు దగ్గరి యడవినే కొట్టిరి.

ఇక మన సంగతి. 2018లో రైతుబంధు ఎకరమునకు పంటకు 4,000 రూపాయలతో మొదలై, 2019లో 5,000 అయినది. 2025 జనవరి 26న దాని స్థానమున రైతు భరోసా ఏటికి 12,000 రూపాయలుగా వచ్చినది. ఎకరమును బట్టి యిచ్చు సొమ్ము ఎకరము మీద ఆశ పెంచును గదా! 2023లో పోడు పట్టాలు పొందినవారికి రైతుబంధు కూడ వర్తించుటతో, క్రొత్తగా నరకినను పట్టా వచ్చునని కొందరు భ్రమపడవచ్చును. 2006 నాటి అటవీహక్కుల చట్టము ప్రకారము 2005 డిసెంబరు 13కు ముందునుండి గిరిజనుని సాగులోనున్న భూమికే హక్కు గలదు. నేడు నరకినవానికి పట్టా రాదు, సహాయమును రాదు. కేసు మాత్రము వచ్చును. ఆశపెట్టు దళారికి రైతుసోదరులు ఒక్క పైసయు ఇయ్యరాదు.

ఎకరపు లెక్కలో భూమిలేని కూలివానికి భాగమే లేదు. అదే జనవరిలో అట్టి కుటుంబములకు ఏటికి 12,000 రూపాయల పథకము వేరుగా ప్రారంభమైనది. ఏ సొమ్మైనను మృగశిర కార్తెకు ముందు అందినచో గింజలకు, గంజికి పనికివచ్చును. పునర్వసు దాటి వచ్చినచో అది షావుకారు బాకీకే పోవును. ఆ నడుమ దినములకు కూలిసభ్యులకు చిన్న చేబదులు ఇచ్చుట సహకార సంఘములకు అసాధ్యమైన పని కాదు.