నిద్రలో తగ్గు రక్తపు చక్కెర

మనిషి దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. ఆ రక్తమంతటిలో ఏ వేళనైనను కరగియుండు గ్లూకోజు దాదాపు 5 గ్రాములు, అనగా చెంచాడు పంచదారంత మాత్రమే. మెదడొక్కటే గంటకు ఇంచుమించు అంత గ్లూకోజును ఖర్చు చేయును. మరి రాత్రి భోజనము చేసి పరుండినవాడు తెల్లవారువరకు ఏమియు తినడు గదా! అయినను ఆ చెంచాడు తరగిపోదు. కాలేయము తాను నిలువచేసికొన్న గ్లైకొజెన్‌ను గ్లూకోజుగా మార్చి, గంటకు ఏడెనిమిది గ్రాముల చొప్పున రక్తములోనికి విడుచుచుండును. ఈ విడుదలను అదుపులో నుంచునది క్లోమమునుండి సన్నని ధారగా వచ్చు ఇన్సులిన్. రక్తములో చక్కెర తగ్గినచో ఆ ధారయు తగ్గును. వెంటనే కాలేయము మరికొంత విడుచును.

మొదటి రకపు మధుమేహములో ఈ ధార ఎండిపోవును. దానికి బదులుగా దీర్ఘకాలము పనిచేయు ఇన్సులిన్‌ను చర్మము క్రింద ఎక్కింతురు. చిక్కంతయు ఇక్కడనే యున్నది. క్లోమము చక్కెరను కనిపెట్టి ధారను తగ్గించుకొనును. సూదితో ఎక్కించిన మందునకు ఆ తెలివి లేదు. చక్కెర ఎంత పడిపోయినను అది తన పని తాను చేయుచునే యుండును.

1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు కనుగొన్న ఇన్సులిన్ కొద్దిగంటలే పనిచేసెడిది. 1936లో డెన్మార్కు దేశపు హాగెడార్న్ చేపనుండి తీసిన ప్రోటమిన్ అను మాంసకృత్తును దానికి జోడించి, మెల్లగా కరగునట్లు చేసెను. 1946లో అతని ప్రయోగశాలనుండియే ఎన్.పి.హెచ్. ఇన్సులిన్ వచ్చినది. చౌకగనుక నేటికిని ఎందరో దీనిని వాడుచున్నారు. అయితే ఇది రాత్రియంతయు ఒకేరీతిని పనిచేయదు. నాలుగైదు గంటల పిమ్మట దీని బలము హెచ్చును. రాత్రి 8 గంటలకు తీసికొన్నచో ఆ బలము అర్ధరాత్రి దాటినపిదప, ఇన్సులిన్ అవసరము మిక్కిలి తక్కువగానున్న వేళకు వచ్చి పడును. అందుచే ఆ మోతాదునే నిద్రపోవు వేళకు జరుపుట ఒక మంచి ఉపాయము. 2000లో అమెరికాలో అనుమతి పొందిన గ్లార్జిన్‌కు ఇట్టి ఉధృతి తక్కువ. సీసాలో ఆమ్లద్రవముగా నుండు ఈ మందు చర్మము క్రింద చేరగానే సన్నని రేణువులుగా గడ్డకట్టి, దాదాపు రోజంతయు కరగుచుండును.

చక్కెర డెసిలీటరునకు 70 మిల్లీగ్రాములకంటె తగ్గుట హెచ్చరిక. 54 కంటె తగ్గినచో ప్రమాదము. పగలైనచో చెమట, వణకు, గుండెదడ మనిషిని హెచ్చరించును. నిద్రలోనో, ఈ గుర్తులను పుట్టించు అడ్రినలిన్ మందకొడిగా విడుదలయగును. రోగికి మెలకువ రాకపోవచ్చును. తడిసిన దిండు, పీడకలలు, ఉదయపు తలనొప్పి మాత్రమే మిగులును. సాయంకాలము ఆటలాడిన పిల్లలకు భయము మరింత హెచ్చు; ఏలయన ఖర్చయిన గ్లైకొజెన్‌ను కండరములు రాత్రివేళ తిరిగి నింపుకొనుచుండును.

ఉదయము చక్కెర హెచ్చుగానున్నచో మోతాదు చాలలేదని తలచుట సహజము. కాని తొందరపడి పెంచరాదు. తెల్లవారుజామున కొన్ని హార్మోనులు చక్కెరను తామే పెంచును. రాత్రి చక్కెర పడిపోయి, దానికి ప్రతిక్రియగా ఉదయము పెరుగునని 1938లో సొమోగీ చెప్పెను. ఎడతెగక కొలుచు నేటి పరికరములు అట్టిది అరుదని చూపుచున్నవి. ఏది ఏమైనను రాత్రి 3 గంటలకు ఒకసారి కొలిచినగాని నిజము తెలియదు.

ఒక ఉదాహరణము: రాత్రి 10 గంటలకు 150, 3 గంటలకు 95, ఉదయము 6 గంటలకు 65 ఉన్నదనుకొనుడు. భోజనమునకు తీసికొన్న మందు ప్రభావము అప్పటికే తీరియున్నచో, దీర్ఘకాలపు మోతాదే హెచ్చయినదన్నమాట. సరియైన మోతాదు చక్కెరను రాత్రియంతయు ఇంచుమించు ఒకే మట్టమున నిలుపవలెను. ఇట్టియెడ వైద్యులు సాధారణముగా నూటికి 10 మొదలు 20 వంతులవరకు తగ్గింతురు. 20 యూనిట్లు తీసికొనువానికి 16 లేక 18. కొందరు మోతాదును తగ్గింపక, ప్రతిరాత్రి అదనముగా తిని పడుకొందురు. ఇది మందుకొరకు మనిషి తినుట!

మార్చిన మరునాడే ఫలితము చూచి మరల మార్చుటయు తగదు. ముందటి మోతాదుల ప్రభావము దేహములో ఇంకను కొంత మిగిలియుండును. డెగ్లుడెక్ అను మందు 42 గంటలవరకును పనిచేయును గనుక, దాని మోతాదును మార్చినపిదప మూడు నాలుగు దినములైన ఆగి, ఆ రాత్రుల కొలతలన్నియు చూచి, తరువాతి మార్పును వైద్యుడు నిర్ణయించును.