రెండేళ్ల చదువు.. బతుకంతా ఆసరా
వయోజన మహిళల చదువును జీవనోపాధితో ముడివేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

రాజమహేంద్రవరం: దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినగానే ఉభయగోదావరి వాసులకు ముందుగా గుర్తుకు వచ్చేది 1923 నాటి కాకినాడ కాంగ్రెసు మహాసభలే. ఖాదీ ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవికగా నిలబడిన పద్నాలుగేళ్ల బాలిక, టికెట్ లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూను లోపలికి పోనీయకుండా ఆపిన ఉదంతం పాఠ్యపుస్తకాలలోనూ, ఉపన్యాసాలలోనూ లెక్కలేనన్నిసార్లు చెప్పుకున్నదే. ఆమె జీవితంలో అంతకంటె పెద్ద పని మరొకటి ఉంది. చదువు మధ్యలో ఆగిపోయి వయసు మీరిన స్త్రీలను మళ్లీ బడిలో కూర్చోబెట్టి, పరీక్ష గట్టెక్కించి, వారి చేతికి ఒక ఉద్యోగమో వృత్తో అందించడం ఆ పని. దాని గురించి మనం చెప్పుకొనేది తక్కువ.

ఈ ఆలోచన ఆమెకు గ్రంథాల నుంచి వచ్చినది కాదు. 1909 జులై 15న రాజమండ్రిలో జన్మించిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటనే వివాహం జరిపించారు. ఊహ తెలిశాక ఆ వివాహబంధాన్ని ఆమె నిరాకరించారు. బడిలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టడాన్ని నిరసిస్తూ పన్నెండేళ్ల ప్రాయంలోనే చదువు మానుకున్నారు. అంతటితో ఊరుకోక, తాను నేర్చిన హిందీని తోటి ఆడపిల్లలకు నేర్పేందుకు రాజమండ్రిలో బాలికా హిందీ పాఠశాలను ప్రారంభించారు. బడి మానిన బాలికే బడి పెట్టడం ఆ రోజుల్లో ఎంత వింతగా తోచిందో ఊహించుకోవలసిందే.

జైలు నేర్పిన పాఠం

ఉప్పు సత్యాగ్రహం మొదలుకొని 1930-33 నడుమ ఆమె మూడు పర్యాయాలు జైలుశిక్ష అనుభవించారు. వేలూరు, మధుర జైళ్లలో తారసపడిన స్త్రీ ఖైదీలలో అత్యధికులు నిరక్షరాస్యులు. తమపై మోపిన నేరం ఏమిటో కూడా సరిగా తెలియనివారు వారిలో ఉన్నారు. తాను ఏ ఆంగ్లాన్ని కాదని బడి మానారో, ఆ భాషనే ఆమె జైలు గదిలో పట్టుదలగా అభ్యసించడం ప్రారంభించారు. విడుదలయ్యాక కాశీ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చొని ఉత్తీర్ణులయ్యారు. ఇంటర్మీడియట్ అక్కడే చదివారు. తదుపరి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, మద్రాసులో న్యాయశాస్త్రం పూర్తిచేసి న్యాయవాద వృత్తిలో ప్రవేశించారు. ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ పలక పట్టి ఇంతదూరం వచ్చిన మనిషికి, ‘వయసు మీరాక చదువు అబ్బదు’ అన్న మాటపై నమ్మకం ఎలా ఉంటుంది?

మద్రాసులో ఇరుగుపొరుగు స్త్రీలను, బాలికలను చేరదీసి ఆమె చదువు చెప్పనారంభించారు. తాను నడిచిన దారినే వారికీ చూపారు. కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు వారిని సిద్ధంచేశారు. ఆ ప్రయత్నమే 1937లో ఆంధ్ర మహిళా సభగా రూపుదాల్చింది. చదువుతోపాటు కుట్టుపని, నేత వంటి చేతిపనులలో శిక్షణ, ఆపై వైద్యశాల, నర్సింగ్ తరగతులు ఒకదాని వెంట ఒకటి వచ్చి చేరాయి. తన దగ్గరకు వచ్చే స్త్రీకి అక్షరం ఎంత అవసరమో, నెల తిరిగేసరికి చేతిలో నాలుగు రూపాయలు ఆడటమూ అంతే అవసరమని ఆమె తొలినాళ్లలోనే గ్రహించారు.

ఈ సంస్థ నీడన నిలదొక్కుకున్నవారిలో ఒకరి కథ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. బాల్యంలో దుర్గాబాయికి భర్తగా నిర్ణయించిన వ్యక్తి తరువాతి కాలంలో మరొకరిని వివాహమాడి, 1941లో మరణించారు. అయినవారి వేధింపులకు గురైన ఆ వితంతువు ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చింది దుర్గాబాయి వద్దకే. ఆమెను ఆదరించి, ఆంధ్ర మహిళా సభలో వృత్తి శిక్షణ ఇప్పించారు. అనంతర కాలంలో ఆ స్త్రీ హైదరాబాదులోని హస్తకళల శిక్షణ సంస్థలో ఉపాధ్యాయినిగా ఉద్యోగం సంపాదించుకున్నారు. దుర్గాబాయి ఆమెకు ఇచ్చింది తలదాచుకొనే చోటు మాత్రమే అయివుంటే, జీవితాంతం ఒకరి పంచన ఉండిపోవలసి వచ్చేది.

రెండు కొరతలు.. ఒకే విరుగుడు

రాజ్యాంగ సభ సభ్యురాలిగా, ప్రణాళికా సంఘ సభ్యురాలిగా పనిచేసిన దుర్గాబాయి 1953లో ఏర్పాటైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వ్యవస్థాపక అధ్యక్షురాలయ్యారు. గ్రామాలలో తల్లీబిడ్డల సంక్షేమానికి కేంద్రాలు తెరవాలన్నది మండలి సంకల్పం. తీరా తెరవబోతే గ్రామసేవికలుగా, మంత్రసానులుగా, ఉపాధ్యాయినులుగా నియమించేందుకు అర్హతగల స్త్రీలు కరవయ్యారు. 1951 జనగణన నాటికి దేశంలో స్త్రీల అక్షరాస్యత తొమ్మిది శాతమైనా లేదు. చదివిన ఆ కొద్దిమందిలోనూ పట్నం విడిచి పల్లెకు వచ్చేవారు అరుదు.

మరోవైపు చూస్తే, ప్రతి ఊళ్లోనూ వితంతువులు, భర్త విడిచిపెట్టినవారు, నాలుగో తరగతితోనో ఐదో తరగతితోనో బడి మానినవారు పని కోసం ఎదురుచూస్తున్నారు. పల్లె వారికి కొత్త కాదు. లేనిదల్లా మెట్రిక్ సర్టిఫికెట్ ఒక్కటే. అటు పనికి మనిషి లేదు, ఇటు మనిషికి పని లేదు. ఈ రెండు కొరతల మధ్య ఆమె వేసిన వంతెన పేరే సంక్షిప్త విద్యా కోర్సు. మండలి 1958లో ఈ పథకాన్ని ప్రారంభించింది.

ఏమిటీ సంక్షిప్త కోర్సు?

బాల్యంలో అయిదారేళ్లు పట్టే పాఠ్యాంశాలను వయోజన స్త్రీకి రెండేళ్లలో పూర్తిచేయించి పరీక్షకు పంపడమే ఈ విధానం. అదెలా సాధ్యమన్న సందేహం సహజం. సంసారం ఈదిన స్త్రీకి కొలతలు, తూకాలు, వడ్డీ లెక్కలు నోటిమీదనే ఉంటాయి. చిన్నపిల్లలకు ఏడాదిపాటు నేర్పవలసినది ఆమెకు కొద్ది వారాలలో కాగితం మీదకు ఎక్కించవచ్చు. మాతృభాషలో ఆమెకున్న పదసంపద పాఠ్యపుస్తకం కంటె ఎక్కువే. ఆంగ్లం, బీజగణితం వంటి అలవాటులేని విషయాలకే ఎక్కువ కాలం కేటాయిస్తే సరిపోతుంది. అన్నింటినీ మించి, ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఎవరి గుమ్మం తొక్కవలసి వస్తుందో ఆమెకు బాగా తెలుసు.

నిర్వహణ బాధ్యతను స్వచ్ఛంద మహిళా సంస్థలకు అప్పగించి, ఖర్చుకు మండలి గ్రాంటు మంజూరు చేసేది. తరగతికి పాతిక మంది లోపే. చాలాచోట్ల వసతిగృహం కూడా ఉండేది. ఈ వసతే పథకానికి ప్రాణమని చెప్పక తప్పదు. ఇంటిపట్టున ఉంటే పొయ్యి, పొలం, పసిబిడ్డ, ఇరుగుపొరుగు మాటలు కలిసి పుస్తకాన్ని మూయించేస్తాయి. మెట్రిక్ అయినవారికి ఉపాధ్యాయ శిక్షణ, నర్సింగ్, గ్రామసేవిక శిక్షణల తలుపులు తెరుచుకునేవి. 1975లో వృత్తి శిక్షణ కార్యక్రమాన్ని కూడా మండలి దీనికి జోడించింది.

లోపాలు లేవని కాదు. గ్రాంటు మీద ఆధారపడిన తరగతి గ్రాంటు ఆగితే మూతపడుతుంది. రెండేళ్లపాటు ఇల్లు విడిచి ఉండగలిగే స్త్రీలు అందరిలోనూ కొందరే. నేడు బడి మానినవారు సార్వత్రిక పాఠశాల విధానంలో పదో తరగతి పరీక్ష రాసే వీలుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇందుకోసం 1991లో ప్రత్యేక సొసైటీ ఏర్పాటైంది. దాని పరిధి విస్తృతం, ఖర్చు స్వల్పం. అయితే రోజూ పక్కన కూర్చొని పాఠం చెప్పే పంతులమ్మ, బిడ్డ ఏడిస్తే ఎత్తుకొనే తోటి విద్యార్థిని అందులో ఉండరు. దుర్గాబాయి పద్ధతిలో ఉన్న ఆ బలాన్ని మనం చేజార్చుకున్నామనే అనిపిస్తుంది.

సాక్షరతా భవనం దాకా

1958లో కేంద్ర ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా సంఘానికి ఆమె అధ్యక్షత వహించారు. స్త్రీ పురుషుల చదువులో ఉన్న అంతరాన్ని ప్రత్యేక సమస్యగా పరిగణించి, కొంతకాలం దానికే పెద్దపీట వేయాలని 1959 నాటి నివేదికలో సిఫారసు చేశారు.

జీవిత చరమాంకంలో హైదరాబాదు కేంద్రంగా పనిచేసిన దుర్గాబాయి, అక్కడ ఆంధ్ర మహిళా సభ తరఫున సాక్షరతా భవనాన్ని నెలకొల్పారు. కొత్తగా అక్షరాలు నేర్చినవారికి తగిన వాచకాలు రాయించడం, వయోజన విద్య బోధకులకు శిక్షణ ఇవ్వడం దాని పని. అక్షరాస్యత రంగంలో సేవకు 1971లో నెహ్రూ సాక్షరతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. 1978 అక్టోబరు 2న జాతీయ వయోజన విద్యా కార్యక్రమం ఆరంభమైనప్పుడు రాష్ట్రంలో వాచకాలకూ, శిక్షణకూ సాక్షరతా భవనమే వనరుల కేంద్రమైంది. 1981 మే 9న శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఆమె కన్నుమూశారు. మరుసటి ఏడాది ఆమె స్మారకంగా తపాలా బిళ్ల వెలువడింది.