మిగిలిన గుడ్డ మగ్గమెక్కిన కథ

ఏటేటా మార్చి నెలాఖరున స్టాకు లెక్క చూచునప్పుడు నాకు మనసు చివుక్కుమనును. అంచు రంగు దిగిన తువ్వాళ్ళు, మడతల మీద వెలిసిన లుంగీలు, ఎక్కడో ఒక పోగు తెగినదని బేరగాడు త్రోసివేసిన దుప్పట్లు ఒక మూల చేరియుండును. రిబేటు ఇచ్చినను పోవు. చివరకు తొప్పూరు కనుమ దిగి సేలము తీసికొనిపోయి తూకమునకు అమ్మివేయుదుము. నేసినవాని కూలి, తూకము ధర ప్రక్క ప్రక్కన వ్రాసి చూచినచో ఆ పూట అన్నము సహించదు.

ఇప్పుడు పట్టణములలో మిగులు గుడ్డతోను పాత గుడ్డతోను కుట్టిన కోట్లకు గిరాకి కలదు. (మన ఇండ్లలో జాకెట్టు అనగా ఆడవారి రవిక గదా, నేను చెప్పునది జవహర్ కోటు వంటి పై తొడుగు.) అమ్ముడుపోని బట్టలను పెద్ద కంపెనీలు నాశనము చేయరాదని ఐరోపా సమాఖ్య 2024లో చట్టము చేసి, 2026 జూలై 19 నుండి అమలునకు గడువు పెట్టినది.

ఇది విని మన సభ్యులు కొందరు, ముక్కలు కత్తిరించి అతికి కుట్టించుదమనిరి. నేను ఒక్కటే అడిగితిని: అందులో మగ్గమునకు వచ్చు కూలి ఏది? కత్తెర దర్జీది, లాభము కొట్టువానిది. మనము మరల తూకమునకు ఇచ్చినట్లే.

జపాను ఉత్తర భాగమున చలి వలన ప్రత్తి పండదు. అక్కడి పల్లెవారు పూర్వము పడవలపై వచ్చిన పాత నూలు గుడ్డలు కొని, పేలికలుగా చించి, నారపోగుల పడుగుపై పేకగా నేసి, పనిపాటలకు కోట్లు కుట్టుకొనిరి. దానికి సాకిఓరి అని పేరు. చించి నేయుట అని అర్థము. మన అవ్వలు పాత చీరలు పరచి సూదితో బొంత కుట్టలేదా? వారు నాడెతో చేసిరి, అంతే.

నిరుడు ఒక గుంట మగ్గముపై ప్రయత్నించితిమి. మొదటి తాను చెడినది, తప్పు నాదే. గంజి వదలని లుంగీలు చింపించి నేయించితిని. కోటు ఉతికినంతనే వెన్ను కురుచ అయినది. ఎరుపు దిగి తెల్లచారలన్నియు గులాబి రంగాయెను.

కావున గుడ్డను ముందు వేడినీట ఉతికి గంజి పోగొట్టవలెను. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు నిలకడ చూడవలెను. వెలుగునకు ఎత్తిపట్టి, పోగులు జారినది ప్రక్కకు పెట్టవలెను. పిమ్మట కత్తెర పెట్టక చించవలెను. చింపు పోగు వెంబడి తిన్నగా పోవును. కొసకు అంగుళము ముందే ఆపి, అటునుండి ఇటు చించినచో పేలిక తెగక ఒకటే పొడవుగా వచ్చును. అది కండెకు చుట్టుకొనదు, బద్దకు చుట్టవలెను. పడుగునకు 20 నంబరు రెండుపేట నూలు చాలును. పేలికను లాగి పట్టరాదు. తిరుప్పూరు బనియను కత్తిరింపులు సాగును, కొత్తవారు వాటి జోలికి పోరాదు. దర్జీకి కూడ ఒక మాట: ఈ గుడ్డ త్వరగా పీచుపోవును, గీత వెంట కుట్టు వేసిన పిమ్మటనే కత్తెర పెట్టవలెను.

చేనేత గుర్తు 2006లో వచ్చినది. అది చేతినేతకు గుర్తు. పేకలో మిల్లు గుడ్డ పేలిక కలిసినచో ఆ సంగతి చీటీపై దాచరాదు. ఒక్క కొనుగోలుదారుడు మోసమని తలచినను మన కష్టమంతయు పోవును.

ఇక కూలి మాట. ఒక కోటు గుడ్డకు పేలికలు చించుటకే ఒక మనిషికి పూట పట్టినది. ఇండ్లలో ఆడవారు చేయుదురు గదా అని ఆ పనిని ఉచితము చేయరాదు. చించినవారి పేరును కూలి పుస్తకములో ఉండవలెను. నేతకు తువ్వాలు రేటు చొప్పున గజమునకు కట్టినచో నేతగాడు నష్టపోవును, మగ్గము అంత మెల్లగా నడచును. రోజుకూలి కట్టుటయే న్యాయమని నా అభిప్రాయము. మన కార్యవర్గములో ఇద్దరు దీనికి ఒప్పుకొనలేదు. ఇతర సంఘములలో ఇట్టి పని చేసినవారున్నచో ఏ రేటు కట్టినారో వ్రాయగోరెదను. రెండు కోట్లు సంఘము గదిలో తగిలించియున్నవి. తొప్పూరు మీదుగా పోవు సోదరులు దిగి చూడవచ్చును.